ఎన్నో గుండు కాడ ఆగింది?

రైఫిల్ బోల్ట్, అంటే తూటాను లోపలికి తోసే ఇనుప కడ్డీ, చక్కగా ముందుకు పోయింది, పిడి కిందికి దిగింది, మూసుకుంది. తిరిగి వెనక్కి లాగితే బయటికి ఏమీ రాలేదు. మ్యాగజైన్ అనే తూటాల పెట్టెలోకి తొంగిచూస్తే అయిదో డమ్మీ (పేలని ఉత్తుత్తి) తూటా ఉన్నచోటే పడుకుని ఉంది. దాని ఇత్తడి వీపు మీద కొత్త గీత ఒకటి మెరుస్తోంది.

రైఫిల్ మా బాపుది, లైసెన్సు ఆయన పేరు మీదే ఉంది. నర్సంపేట దగ్గర మా ఊళ్లో తాత కాలం నుంచి ఇంట్లో ఉన్న 315 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు). 2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికలు, 2024 మేలో లోక్‌సభ ఎన్నికలు. రెండుసార్లూ పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి తెచ్చుకున్నాం. ఒకసారి పూర్తిగా చూసుకుందామని కూర్చుంటే సంగతి బయటపడింది. స్ప్రింగ్ పోయిందన్నాడు బాపు. గుండ్లు పాతబడ్డాయన్నాడు పెద్దబాపు, డమ్మీ తూటాలకు పాతేమిటో కొత్తేమిటో మరి. అమ్మ మాత్రం దాన్ని సర్కారుకు అప్పజెప్పి ప్రశాంతంగా ఉండమంది.

పాత రైఫిల్‌లో తూటా ఎక్కకపోతే అందరం "జామ్ అయింది" అంటాం. ఆ మాటతోనే అసలు గందరగోళం మొదలవుతుంది. జ్వరం లాగే జామ్ కూడా పైకి కనిపించేది మాత్రమే. కారణం మ్యాగజైన్ అడుగున ఉండొచ్చు, దాని పై అంచుల్లో, అంటే పెదవుల దగ్గర ఉండొచ్చు, తూటా పేలే ముందు కూర్చునే చాంబర్‌లో ఉండొచ్చు, తూటాలో ఉండొచ్చు, తోసే చేతిలోనూ ఉండొచ్చు. మా రైఫిల్‌లో అయితే ఒకేసారి రెండు కారణాలు కూడబలుక్కున్నాయి. ఆ చిక్కు విప్పడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. అందులో మూడు నెలలు తప్పు చోట వెతికాం.

ముందు ఈ రైఫిల్ కథ కొంచెం చెప్పాలి, లేకపోతే దాని జబ్బు అర్థం కాదు. ఇంగ్లీషువాళ్ల సైన్యం వాడిన తూటా 303. అదే తూటా పట్టే రైఫిల్ జనం చేతుల్లో ఉండటం తెల్లదొరలకు ఇష్టం లేదు. అందుకని ఇక్కడి వేటగాళ్లకు, జమీందార్లకు బీఎస్‌ఏ లాంటి ఇంగ్లండు తుపాకుల కంపెనీలు అదే లీ పద్ధతి బోల్ట్‌తో, వేరే తూటాకు సరిపోయే రైఫిళ్లు చేసి అమ్మాయి. ఆ వేరే తూటా ఆస్ట్రియా సైన్యానిది, 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్. ఎనిమిది మిల్లీమీటర్లను అంగుళాల్లో చెబితే 0.315. పేరు అలా వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ కూడా 315 చేసింది. ఇప్పటికీ 303 నిషిద్ధ బోర్, 315 లైసెన్సు మీద దొరికే బోర్. రెండూ చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ ఒకదాని తూటా ఇంకోదానికి పనికిరాదు. పెట్టి చూద్దామన్న ఆలోచన కూడా రాకూడదు.

లీ అంటే జేమ్స్ పారిస్ లీ. స్కాట్లాండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. రైఫిల్ కింద విడిగా తగిలించే పెట్టె లాంటి మ్యాగజైన్‌కు 1879లో పేటెంట్ తీసుకున్నాడు. ఈ వ్యాసంలో సగం ఆ పెట్టె గురించే.

బోల్ట్ ఒకసారి వెనక్కి లాగి ముందుకు తోసినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. బోల్ట్ వెనక్కి పోగానే మ్యాగజైన్ అడుగున ఉన్న స్ప్రింగ్ పలకను పైకి నెడుతుంది, పలక తూటాలను నెడుతుంది. అన్నిటికన్నా పైనున్న తూటా మ్యాగజైన్ పెదవులకు తగిలి ఆగుతుంది. ఆ పెదవులే లేకపోతే తూటా ఎగిరి బయట పడుతుంది. బోల్ట్ ముందుకొస్తూ దాని ముఖం కింది అంచుతో తూటా మడమను తాకి ముందుకు నెడుతుంది. తూటా ముక్కు చిన్న ఏటవాలు ఎక్కి చాంబర్ నోట్లో దూరుతుంది. అంతలో వెనుక భాగం పెదవుల నుంచి విడివడి పైకి లేస్తుంది, తూటాను తిరిగి బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం దాని అంచును పట్టుకుంటుంది, పిడి దిగుతుంది. రెప్పపాటు పని. కానీ ఇందులో తూటా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మూడుసార్లు మారుతుంది: పలక నుంచి పెదవికి, పెదవి నుంచి బోల్ట్‌కు, బోల్ట్ నుంచి చాంబర్‌కు. ఎక్కడ ఆగినా ఆ మార్పిడుల్లోనే ఆగుతుంది.

వరంగల్‌లో లైసెన్సు ఉన్న ఒక దుకాణంలో పనిచేసే పెద్దాయన ఉన్నాడు. అందరూ చాచా అంటారు, నేనూ అంతే. రైఫిల్ చేతిలోకి తీసుకోకముందే అడిగాడు, "ఎన్నో గుండు కాడ ఆగింది, బిడ్డా?"

బాపు నన్ను చూశాడు, నేను బాపును చూశాను. మా దగ్గర జవాబు లేదు.

"అట్లైతే ఇంటికి పోయి రాసుకొని రా పోండ్రి. ఎన్నోది ఆగుతుందో, ముక్కు యాడ ఉందో, రెండే రెండు రాయాలె. గది చూసినంకనే పెట్టె ఇప్పుత."

అంతకు ముందు మేం వెళ్లిన దుకాణంలో ఎవరూ ఈ ప్రశ్న వేయలేదు. ఆ కథ తర్వాత చెబుతా.

ఇంటికొచ్చి రాశాం. డమ్మీ తూటాలు ముందే లైసెన్సు దుకాణం నుంచి తెచ్చుకున్నవే. మందు లేనివి, ఆ మందును అంటించే ప్రైమర్ లేనివి, ఇత్తడి గొట్టం పక్కన కనబడేలా రంధ్రం పెట్టినవి. అసలు తూటాలు పక్క గదిలో, తాళం లోపల. ఇది ఏదో జాగ్రత్త కోసం చెప్పే మాట కాదు. ఇంట్లో కూర్చుని అసలు తూటాలతో బోల్ట్ ఆడించి చూసేవాళ్లను నేను చూశాను. వాళ్లకు ఇంతవరకు ఏమీ కాలేదంటే అది వాళ్ల తెలివి కాదు, అదృష్టం. బాపు ఎక్కించడం, తోయడం. నేను చదువుకునే రోజుల్లో మిగిలిన నోట్‌బుక్‌లో గీతలు పెట్టడం. అయిదేసి తూటాలు, పదిసార్లు. మొదటి తూటా ఒక్కసారి కూడా ఆగలేదు. రెండోది రెండుసార్లు, మూడోది రెండుసార్లు, నాలుగోది ఒకసారి ఆగాయి. అయిదోది పదిలో ఏడుసార్లు ఎక్కలేదు.

ఆగినచోట ముక్కు చూస్తే రెండు రకాలు. మధ్యవి ఆగినప్పుడు బోల్ట్ సగంలోనే మొరాయించేది. పై తూటాతో పాటు కింది తూటా కూడా కొంచెం ముందుకు జరిగి ఉండేది. అయిదోది అలా కాదు. బోల్ట్ దాని వీపు మీదుగా జారిపోయి ఖాళీ చాంబర్ మీద మూసుకునేది. ఈ కాగితం చూడగానే చాచా, "ఒక్క బీమారి కాదు, రెండు" అన్నాడు.

మొదటి జబ్బు: మేకుల తలలు

315 తూటాకు మడమ దగ్గర అంచు ఉంటుంది, గొట్టం కంటే బయటికి పొడుచుకొచ్చిన పళ్లెం లాంటిది. 303కీ ఉంటుంది. తర్వాతి కాలపు చాలా రైఫిల్ తూటాలకు ఈ అంచు బయటికి రాదు. గొట్టంతో సమానంగా ఉండి, దాని ముందు ఒక గాడి ఉంటుంది. ఎందుకు మార్చారో తెలియాలంటే ఇంట్లో నాలుగు మేకులు తీసుకుని బల్ల మీద ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి చూడండి. తలలు అడ్డొస్తాయి. పై మేకు తల కింది మేకు తలకు ముందు ఉంటే, పై దాన్ని ముందుకు తోస్తే హాయిగా జారిపోతుంది. అదే పై మేకు తల కింది దాని తల వెనక పడితే, తోసినప్పుడల్లా కింది మేకును కూడా లాక్కుపోతుంది. కింది దానికి ముందు గోడ అడ్డం. ఇక రెండూ కదలవు.

మధ్య తూటాలు ఆగడానికి కారణం ఇదే. ప్రతి కొత్త తూటా అంచు దాని కింద ఉన్నదాని అంచుకు ముందు ఉండాలి. లీ మ్యాగజైన్ పెట్టె ముందుకు వాలినట్టు ఉండటానికి కారణం కూడా ఈ అంచులే, అవి మెట్లలా ఒకదాని ముందు ఒకటి కూర్చోవడానికి. అయితే పెట్టె ఎంత వాలినా, ఎక్కించే చెయ్యి తప్పు చేస్తే అది కాపాడలేదు. సైన్యంలో అయిదేసి తూటాలున్న క్లిప్పులతో ఒక్క నొక్కుడుతో నింపేవాళ్లు. మనం ఒక్కొక్కటి వేలితో నొక్కుతాం. తూటాలు ఎక్కించేకొద్దీ స్ప్రింగ్ ఎదురుతిరుగుతుంది. అప్పుడు ఎవరైనా చేసేదేమిటి? తూటాను బలంగా కిందికి, వెనక్కి నొక్కుతారు. అంచు వెనక్కి జారి కింది దాని వెనకాల పడుతుంది.

బాపు చేత మళ్లీ చేయించాం, ఈసారి నెమ్మదిగా. తూటాను ముందుకు జరిపి పెట్టి కిందికి నొక్కడం, వెనక గోడకు ఆనించకుండా వదలడం. ఇంకో పదిసార్లు అయిదేసి. రెండోది, మూడోది, నాలుగోది ఒక్కసారి కూడా ఆగలేదు. డబ్బు ఖర్చు లేకుండా సగం రోగం పోయింది. బాపు మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. నలభై ఏళ్లుగా తను తూటాలు తప్పుగా ఎక్కిస్తున్నాడని ఒప్పుకోవడం అంత తేలిక కాదు.

నలభై ఏళ్లు ఎలా దాగింది? సమాధానం సులభం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటకు దారులు మూసుకుపోతూ వచ్చాయి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు, ఇంకా పైకి పోతే 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్. మా తాత కాలంలో షికారు కథలు పుట్టిన అడవులన్నీ ఇవే. ఆ తర్వాత మక్కజొన్న చేను దగ్గర కాపలాకు పోయినా బాపు రైఫిల్‌లో ఒక్క తూటాయే పెట్టుకునేవాడు, అది కూడా చేత్తో నేరుగా చాంబర్‌లోకే. అయిదు తూటాల మ్యాగజైన్ ఉన్న రైఫిల్‌ను ఒంటి తూటా తుపాకిలా వాడాం. మ్యాగజైన్ పనిచేస్తుందో లేదో తెలిసే అవకాశమే రాలేదు.

రెండో జబ్బు: అయిదోది

ఇక అయిదో తూటా. ఇది పట్టుబట్టిన జబ్బు, ఎప్పుడూ ఒకచోటే. చాచా దగ్గరికి పోకముందు వేరే పట్టణంలో ఒక దుకాణానికి పోయామని చెప్పాను కదా. వాళ్లు రైఫిల్ చూసి, రెండు నిమిషాల్లో "స్ప్రింగ్ వీక్" అన్నారు. మ్యాగజైన్ ఊడదీసి, రేకు స్ప్రింగ్‌ను చేత్తో సాగదీసి, మడతలు విప్పి తిరిగి పెట్టారు. వెయ్యి రూపాయలు. ఇంటికొచ్చి చూస్తే అయిదోది కొంచెం నయమైంది, కానీ మొదటి తూటా బిగుసుకుపోయింది. బోల్ట్ తోయడానికి భుజం బలం కావాల్సి వచ్చింది. కొద్ది రోజులకు స్ప్రింగ్ మళ్లీ వెనక్కి వాలిపోయి, అయిదోది మళ్లీ మొదటికే వచ్చింది.

స్ప్రింగ్ మీద అనుమానం రావడం తప్పు కాదు. లెక్క ప్రకారం చూస్తే స్ప్రింగ్ బాగా నొక్కుకున్నప్పుడు దాని బలం ఎక్కువ, సాగినప్పుడు తక్కువ. మ్యాగజైన్ నిండుగా ఉన్నప్పుడు తూటాలను బలంగా పైకి నెడుతుంది, చివరి తూటాకు వచ్చేసరికి దాని శక్తి అంతంతమాత్రం. కాబట్టి మొదటి తూటా బిగుస్తుంటే స్ప్రింగ్ మరీ గట్టిగా ఉందనో, పెదవులు ఇరుకయ్యాయనో, అంచులు అడ్డుపడ్డాయనో అనుకోవాలి. చివరి తూటా ఎక్కకపోతే స్ప్రింగ్ బలం చాలట్లేదనో, పలక ఒక పక్కకు వాలిందనో అనుకోవాలి. ఆ దుకాణంవాళ్లు ఇంతవరకు సరిగానే ఆలోచించారు. ఒక్క మెట్టు ముందే ఆగిపోయారు.

స్ప్రింగ్ బలం చాలకపోవడానికి స్ప్రింగే కారణం కానక్కర్లేదు. తూటా అందుకోవాల్సిన ఎత్తు పెరిగినా అంతే కదా. బావిలో నీళ్లు అందకపోతే తాడు చిన్నదైందా, నీళ్లు దిగాయా?

చాచా చేసిన పరీక్ష అర నిమిషం పట్టింది. ఒక్క డమ్మీ తూటా మ్యాగజైన్‌లో పెట్టాడు. బోల్ట్ తోశాడు, ఎక్కలేదు. మళ్లీ పెట్టాడు. ఈసారి ఎడమ బొటనవేలితో మ్యాగజైన్ అడుగును పైకి నొక్కి పట్టుకుని కుడిచేత్తో బోల్ట్ తోశాడు. వెన్నలా ఎక్కింది. వేలు తీశాడు, ఎక్కలేదు. పెట్టాడు, ఎక్కింది. మూడుసార్లు చేసి నా వైపు చూశాడు.

మ్యాగజైన్ ఉండాల్సిన ఎత్తులో లేదు. పెట్టెను పట్టి ఉంచే కొక్కెం దాన్ని కొంచెం కింద పట్టుకుంటోంది. మిల్లీమీటరు కూడా ఉండదు తేడా. మొదటి నాలుగు తూటాలూ స్ప్రింగ్ బలం మీద ఎగదన్నుకుని బోల్ట్ కింది అంచుకు ఎలాగో అందుతున్నాయి. అయిదోదాన్ని నెట్టే బలం తక్కువ. బోల్ట్ కింది భాగం రాసుకోగానే అది కుంగిపోతోంది, బోల్ట్ పైనుంచి జారిపోతోంది. వీపు మీద గీత అదే. స్ప్రింగ్ సాగదీస్తే కొంత నయమైనట్టు ఎందుకు అనిపించిందో, మొదటి తూటా ఎందుకు బిగిసిందో కూడా ఇప్పుడు తెలిసింది.

ఈ ఎత్తు తప్పడానికి మామూలుగా రెండు మూడు కారణాలు ఉంటాయి. కొక్కెం పన్ను అరగడం ఒకటి. మ్యాగజైన్ వెనకున్న గాడి అరగడం రెండోది. వానాకాలం కర్ర ఉబ్బి మ్యాగజైన్ దిగే గుంతను ఒరుసుకోవడం కూడా ఉంటుంది. జులైలో బిగుసుకునే మ్యాగజైన్ మార్చిలో దానంతటదే బాగవుతుందంటే కర్ర మీద అనుమానం పెట్టుకోవచ్చు.

పెదవుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ రైఫిళ్లను చేజేతులా పాడుచేసుకునేది ఇక్కడే. పెదవులు విచ్చుకుంటే తూటా తొందరపడి పైకి ఎగురుతుంది, ముక్కు ఆకాశం చూస్తుంది. ఇరుకైతే తూటాను ఎక్కువసేపు పట్టి ఉంచుతాయి, ముక్కు నేల చూస్తూ ఏటవాలు కింద గుద్దుకుంటుంది. మ్యాగజైన్ ఒక్కసారి సిమెంటు నేల మీద తలకిందులుగా పడితే చాలు, ఒక పెదవి వంగిపోతుంది. అప్పుడు ఇంట్లో ఉన్న పకడ్‌తో ఒక్క వంపు వంచుతారు. ఆ ఒక్క వంపుతో వంద ఏళ్ల రేకు విరిగిన సందర్భాలున్నాయి. కొత్త మ్యాగజైన్ బజార్లో దొరికే వస్తువు కాదు. దొరికినా, పాత లీ రైఫిళ్లలో మ్యాగజైన్‌ను ఆ రైఫిల్‌కు సరిపెట్టి పెదవులు సరిచేసేది సైన్యంలో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్. ఒకదానిది ఇంకోదానికి పడుతుంది, కానీ పనిచేస్తుందన్న నమ్మకం లేదు. ఈ మాట చాచా చెప్పినప్పుడు నేను తల ఊపాను గానీ, దాని అర్థం పూర్తిగా తలకెక్కలేదు.

తూటా తప్పు ఎప్పుడు?

డమ్మీలతో హాయిగా ఎక్కి, అసలు తూటాలతో మాత్రం ఆగుతోందంటే తూటాలే చూడాలి. 315 తూటాల్లో మెత్తని సీసం ముక్కు ఉన్నవి ఉంటాయి. ముందు తూటా పేలినప్పుడు మ్యాగజైన్‌లో మిగిలినవన్నీ ముందు గోడకు గుద్దుకుని ముక్కు చదునవుతుంది. చదునైన ముక్కు ఏటవాలు అంచును పట్టుకుంటుంది. ఇది తూటాలు చూస్తే కంటికే కనబడుతుంది.

కంటికి కనబడనిది గొట్టం పగులు. దీని వెనక ఒక చరిత్ర ఉంది, అది మన దేశానిదే. తెల్లవాళ్ల సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచిపెట్టేది. వాన వెలిశాక చూస్తే ఇత్తడి గొట్టాలు వాటంతటవే నిలువునా చీలి ఉండేవి. చాలా ఏళ్లు కారణం తెలియలేదు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, తయారీలో గొట్టంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే ఇత్తడి చీలుతుందని 1921లో గానీ తేల్చలేదు. ఇది చదివాక నేను మా ఇంట్లో తూటాల పెట్టె ఎక్కడుందో చూశాను. పశువుల కొట్టానికి అవతలి గది, పక్కనే యూరియా బస్తాలు. తడిసిన యూరియా దగ్గర ముక్కు మండే ఆ వాసన అమ్మోనియాదే. పెట్టె అదే రోజు పైగదికి ఎక్కింది.

ఇత్తడి చెంబులు తోమినట్టు తూటాలను చింతపండుతో తోమి తళతళలాడించేవాళ్లు మా ఊళ్లో ఒకరున్నారు. దయచేసి వద్దు. పులుపు, తడి రెండూ గొట్టం నోటి దగ్గర, ప్రైమర్ చుట్టూ చేరతాయి. ఆకుపచ్చ చిలుము పట్టిన తూటాను తోమి వాడేకంటే లైసెన్సు దుకాణంలో అప్పగించడం మేలు.

నూనె, కుంకుమ

బోల్ట్ ముందుకు బాగానే పోయి, చివరి వేలెడు దూరంలో పిడి దిగకపోతే మ్యాగజైన్‌ను తిట్టకండి. తూటా అప్పటికే దాని చెయ్యి దాటింది. మ్యాగజైన్ తీసేసి, ఒక్క డమ్మీని చేత్తో చాంబర్‌లో పెట్టి మూసి చూడండి. అప్పుడూ పిడి దిగకపోతే చాంబర్‌లో తుప్పో, మడ్డో, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద చెత్తో ఉంది. దిగితే తప్పు మ్యాగజైన్ వైపు ఉంది. అసలు ఏ వెతుకులాటకైనా మొదటి పరీక్ష ఇదే కావాలి, ఒక్క దెబ్బతో సగం కారణాలు కొట్టేయొచ్చు. మేం దీన్ని చివర్లో చేశాం.

మా దాంట్లో చాంబర్ బాగుంది గానీ ఎక్స్‌ట్రాక్టర్ గాడిలో ఎర్రటి మైనం లాంటిది కూరుకుని ఉంది. చాచా పుల్లతో గీకి, వాసన చూసి నవ్వాడు. కుంకుమ. ఏటా దసరాకు ఆయుధపూజలో ట్రాక్టర్, కొడవళ్లు, మోటారు, రైఫిల్, అన్నిటికీ బొట్టు. అమ్మ బోల్ట్ తల మీదే పెట్టేది, అది మెరుస్తుంది కాబట్టి. ఏళ్ల తరబడి కుంకుమ, నూనె కలిసి గట్టిపడింది.

నూనె అంటే మా ఇంట్లో కొబ్బరినూనె. దాదాపు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకట్టే నూనె. నర్సంపేటలో ఏప్రిల్‌లో ఇబ్బంది ఉండదు. డిసెంబరు తెల్లవారుజామున, అందునా ఆదిలాబాద్ వైపు పది డిగ్రీల లోపుకు దిగే చలిలో, ఆ నూనె మ్యాగజైన్ లోపల తెల్లటి వెన్నై కూర్చుంటుంది. పలక పైకి రావడానికి అరక్షణం ఎక్కువ పడుతుంది, బోల్ట్ అంతలోనే దాటిపోతుంది. పల్చటి గన్ ఆయిల్ రెండు చుక్కలు రాసి తుడిచేస్తే చాలు. మ్యాగజైన్ లోపల అయితే పొడిగా ఉన్నా పర్వాలేదు.

చెయ్యి చేసే తప్పు

ఇది చిన్న విషయమే. పాత రైఫిల్ కదా అని బోల్ట్‌ను ప్రేమగా, సగం వరకే లాగుతారు. బోల్ట్ ముఖం తూటా మడమ వెనక్కి చేరకముందే ముందుకు తోస్తారు. చివరిదాకా లాగాలి, తడబడకుండా తోయాలి. అంతే.

కానీ అడ్డం తగిలినప్పుడు మాత్రం బలం పెట్టకూడదు. ఒక్కోసారి చాంబర్‌లో ఉన్న తూటాను ఎక్స్‌ట్రాక్టర్ లాగలేక వదిలేస్తుంది. అది అక్కడే ఉండగా బోల్ట్ ఇంకో తూటాను వెనకనుంచి తోస్తుంది. అప్పుడు రెండో తూటా ముక్కు మొదటిదాని ప్రైమర్‌కు ఆనుతుంది. ఇంకొంచెం బలం పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బ్యారెల్‌ను ఎవరూ లేని వైపు ఉంచి, మ్యాగజైన్ ఊడదీసి, ఆ తర్వాతే లోపల ఏముందో చూడాలి.

చట్టం గురించి కూడా ఒక మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి రిపేరు చేయడానికే లైసెన్సు కావాలి. ఊళ్లో కమ్మరి ఎంత పనిమంతుడైనా ఆ పని అతని చేత చేయించడం నేరం. ఇక పండక్కి, పెళ్లికి గాల్లోకి కాల్చడం 2019 సవరణతో రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. బాగుచేయించుకున్నాం కదా అని దసరాకు పరీక్షించి చూద్దామనుకునే బాబాయిలు మా ఇంట్లోనూ ఉన్నారు కాబట్టి చెబుతున్నా.

చాచా చెప్పిన మాట నాకు ఇంటికొచ్చాక రాత్రి తలకెక్కింది. ఒకదానిది ఇంకోదానికి పడుతుంది, కానీ పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

పెద్దబాపుకూ ఒక 315 ఉంది. అదే కంపెనీ, అదే మోడల్. తాత ఇద్దరు కొడుకులకు రెండు తీసిచ్చాడు. దసరా ముందు రోజు ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని, ఒకే గోనెపట్టా మీద అన్నీ విప్పి, తుడిచి, తిరిగి బిగిస్తారు. బోల్ట్‌ల మీద నంబర్లు ఉంటాయి కాబట్టి అవి మారవు. మ్యాగజైన్ల మీద మాత్రం మావాటికి ఏ గుర్తూ లేదు.

తెల్లారి పెద్దబాపుకు ఫోన్ చేశా. ఆయన రైఫిల్ ఎప్పుడైనా ఆగిందా అని అడిగితే, "నేను మ్యాగజైన్ల గుండ్లు పెట్టి ఎన్నేండ్లయిందిరా" అన్నాడు. వారం తర్వాత ఇద్దరూ లైసెన్సు పుస్తకాలు పట్టుకుని, రెండు రైఫిళ్లతో చాచా దగ్గరికి వచ్చారు. రెండు మ్యాగజైన్లూ ఊడదీసి అటుదిటు, ఇటుదటు పెట్టాడు. ఒక్కోదాంట్లో అయిదేసి డమ్మీలు, పదిసార్లు. నేను మళ్లీ నోట్‌బుక్ తెరిచాను. ఒక్క గీత కూడా పెట్టాల్సిన పని పడలేదు.

సాగదీసిన పాత స్ప్రింగ్‌ను చాచా మళ్లీ వంచి దాని కొలతకు తెచ్చాడు. తర్వాత చిన్న సుత్తి, పంచ్ తీసుకుని మ్యాగజైన్ల అడుగున బాపు దానికి ఒక చుక్క, పెద్దబాపు దానికి రెండు చుక్కలు కొట్టాడు. రెండు చుక్కలు పెద్దవాడికా, చిన్నవాడికా అని అన్నదమ్ములిద్దరూ దుకాణంలోనే కాసేపు వాదించుకున్నారు. ఆ దసరాకు అమ్మ రైఫిల్‌కు బొట్టు కర్ర మడమ మీద పెట్టింది.